బరువైన రివాల్వర్ తన్ను, బొటనవేలి మొదట్లో నొప్పి: పిడి, గ్లవ్ ఎంపికపై ఒక కేస్ స్టడీ

రోగి కుడిచేతి గ్లవ్‌లో బొటనవేలి మొదలు దగ్గర రూపాయి బిళ్ళంత మేర తోలు అరిగి నల్లగా మెరుస్తోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందిలో మాత్రం తోలు దాదాపు కొత్తగానే ఉంది. ఈ కేసులో నాకు దొరికిన మొదటి ఆధారం ఆ మరకే. ఎక్స్‌రే కంటే ముందే అది అసలు విషయం చెప్పింది. నేనే దాన్ని రెండు వారాలు ఆలస్యంగా చదివాను.

పాలకొల్లులో పదిహేడేళ్ళుగా చేతుల నొప్పులకు ఫిజియోథెరపీ చేస్తున్నాను. కొబ్బరికాయలు వలిచేవాళ్ళు, నరసాపురం వైపు నుంచి లేసు అల్లే ఆడవాళ్ళు, ఆత్రేయపురం నుంచి పూతరేకులు తీసేవాళ్ళు, రొయ్యల చెరువుల్లో మేత చల్లేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. తుపాకీ తన్నుతో, అంటే కాల్చినప్పుడు అది వెనక్కి కొట్టే దెబ్బతో, చెయ్యి పాడైన మనిషిని అంతకుముందు చూడలేదు. మన దగ్గర లైసెన్సు మీద కనిపించేవి ఎక్కువగా పాయింట్ 32 రివాల్వర్లు. వాటి తన్నుకు ఇంత నొప్పి రాదు. కానీ అమెరికాలో తమ మనుషులు లేని ఊరు మా గోదావరి డెల్టాలో లేదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఇలాంటి నొప్పులు కూడా వెంట వస్తాయి, చాలామంది కారణం చెప్పరు. అందుకే ఈ కేసును రోగి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి, పూర్తిగా రాస్తున్నాను.

రోగి

వయసు 52. సొంతూరు భీమవరం దగ్గర పల్లెటూరు. ఇరవై ఏళ్ళకు పైగా టెక్సాస్‌లో ఉంటున్నారు, కంప్యూటర్ మీద పని. దాళ్వా నాట్లప్పుడు పొలం పంపకాల కోసం ఐదు వారాలు ఇంటికి వచ్చారు. కుడిచేతి బొటనవేలు మొదట్లో ఎనిమిది నెలలుగా నొప్పి. సీసా మూత తిప్పలేరు, తాళంచెవి తిప్పితే జివ్వుమంటుంది. ఆ వేలికి చూపుడువేలి వైపు ఉన్న అంచున తిమ్మిరి.

మొదటి రోజు కీబోర్డు వల్లే అన్నారు. ఎడమచేతికి ఏమీ లేదు, ముంజేయి కండరాలు మెత్తగానే ఉన్నాయి. కీబోర్డు నొప్పి ఇలా ఒక్క కీలు దగ్గరే కూర్చోదు. "ఇంకేదైనా పని చేస్తారా అండి, సుత్తి పట్టుకునేది, గట్టిగా దెబ్బ తగిలేది?" అని అడిగాను. కాసేపు ఆగి, "ఏమనుకుంటారోనని చెప్పలేదండి. శనివారాలు షూటింగ్ రేంజికి వెళ్తాను. పాయింట్ 44 మాగ్నమ్ రివాల్వరండి" అన్నారు. అనుకోవడానికి ఏముంది, నాకు చేతికి తగిలే దెబ్బ తెలియాలి అంతే.

తుపాకీకి సంబంధించిన ముక్క ఏదీ ఆయన వెంట తేలేదు, అది చాలా మంచి పని. రేంజికి వాడే బ్యాగు మూలలో ఒక్క తూటా మిగిలిపోయినా మన ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. ప్రయాణానికి వేరే బ్యాగు వాడండి. గ్లవ్స్ మాత్రం తెచ్చారు.

మూడు దశల్లో నొప్పి చోటు మారిన తీరు ఆయన చెప్పిన దాంట్లో ముఖ్యమైనది. రివాల్వర్‌తో వచ్చిన చెక్క పిడితో కాల్చినప్పుడు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ వెనక్కి వచ్చి మధ్యవేలి కణుపును కొట్టేది, వేళ్ళ సంది కమిలేది. రెండో దశలో ఇనుప చట్రం వెనుక భాగాన్ని కూడా కప్పే లావుపాటి రబ్బరు పిడి వేయించుకున్నారు. కణుపు దెబ్బ ఆగింది, బొటనవేలు మొదట్లో నొప్పి మొదలైంది. మూడో దశలో ఆ నొప్పికి అరచెయ్యంతా మెత్త ఉన్న మందమైన గ్లవ్స్ కొన్నారు. అప్పటినుంచి తిమ్మిరి.

పరీక్ష

మణికట్టు ముడత నుంచి మధ్యవేలి కొస వరకు చెయ్యి 17.3 సెంటీమీటర్లు. మగవాళ్ళలో చిన్న చెయ్యే. పిడికిలి బలం కుడి 27 కిలోలు, ఎడమ 34. ఆయనది కుడిచేతివాటం, కుడి కొంచెం ఎక్కువ ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కే బలం కుడి 4.5, ఎడమ 7. బొటనవేలి ఎముకను మణికట్టు వైపు నొక్కి తిప్పితే నొప్పి. పిడికిలి మూసి మణికట్టును చిటికెనవేలి వైపు వంచే పరీక్షలో నొప్పి లేదు కాబట్టి స్నాయువు తొడుగు వాపు కాదనుకున్నాను. వేళ్ళ సంది వైపు నరం మీద వేలితో తడితే కొస వరకు కరెంటు పాకినట్టుంది. బౌలింగ్ బంతి రంధ్రంలో బొటనవేలు ఒరుసుకునే ఆటగాళ్ళకు ఇదే నరం దెబ్బతింటుంది.

ఎముక విరగలేదని తేల్చుకోకుండా ఇలాంటి చేతికి వ్యాయామం ఇవ్వకూడదు. ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది, కీలు సందు కొద్దిగా తగ్గింది.

దెబ్బ ఎంత?

ఇది తెలియకుండా పిడి గురించి మాట్లాడటం అనవసరం. ఆయన వాడే తూటాలో గుండు 240 గ్రెయిన్లు, అంటే సుమారు 15.5 గ్రాములు. నాలుగు అంగుళాల గొట్టం నుంచి సెకనుకు దాదాపు 380 మీటర్ల వేగంతో వెళ్తుంది. మందు మండి వచ్చే గాలి వేగాన్ని కూడా కలిపి లెక్కేస్తే, 1.2 కిలోల రివాల్వర్ సెకనుకు ఆరు మీటర్ల వేగంతో, సుమారు 20 జౌల్స్ శక్తితో వెనక్కి వస్తుంది. అదే తూటాను 700 గ్రాముల తేలికపాటి రివాల్వర్‌లో వేస్తే 30 జౌల్స్ దాటుతుంది. మన పాయింట్ 32 రివాల్వర్ 700 గ్రాములనుకుంటే రెండు జౌల్స్ లోపే. ఇక్కడ లైసెన్సు ఉన్నవాళ్ళు "తుపాకీ తన్నితే ఏమవుతుందండి" అని తేలిగ్గా అనడానికి కారణం అదే. వాళ్ళు చూసిన తన్ను వేరు.

పిడిగానీ గ్లవ్ గానీ ఈ 20 జౌల్స్‌ను తగ్గించలేదు. అవి చేయగలిగింది దెబ్బను ఎక్కువ చోటుకు పంచడం, కొంచెం ఎక్కువ సేపు సాగేలా చేయడం, తట్టుకోగల చోటికి మళ్ళించడం. ఈ మూడోదే అసలైనదని నాకు ఈ కేసులో తెలిసింది. దెబ్బను తగ్గించాలంటే తూటా మార్చాలి, లేదా తుపాకీ బరువు పెంచాలి.

నేను చేసిన పొరపాటు

మొదటి వారం నేను ఆలోచించింది మెత్తదనం గురించే. మోకాలి నొప్పికి చెప్పుల్లో వేసే మెత్తల అలవాటు అది. వెనుక వైపు సార్బోథేన్ అనే దెబ్బ పీల్చే పదార్థం పెట్టిన పిడులు హోగ్ కంపెనీ అమ్ముతుందని ఆయన చెబితే, అలాంటి మెత్త ఉన్నదే తెప్పించమన్నాను. డాలస్‌లో వాళ్ళబ్బాయి తెప్పించి బిగించాడు. ఖాళీ రివాల్వరేనని రెండుసార్లు చూసుకుని, వీడియో కాల్‌లో పిడి వెనుక అంచు నుంచి ట్రిగ్గర్ ముఖం వరకు కాలిపర్‌తో కొలిచాడు. 86 మిల్లీమీటర్లు. పాత రబ్బరు పిడికి 83, మొదటి చెక్క పిడికి 74.

ఈ అంకెలు రాసుకున్నాక గ్లవ్ మీద మరక మళ్ళీ చూశాను. మెత్త పెరిగినకొద్దీ ట్రిగ్గర్ దూరమవుతోంది. చిన్న చెయ్యి దాన్ని అందుకోవాలంటే పిడి చుట్టూ పక్కకు తిరగాలి. తిరిగితే తుపాకీ వెనుక భాగం వేళ్ళ సందిలో కాకుండా బొటనవేలి మొదలు మీద కూర్చుంటుంది. వేళ్ళ సందిలో కండ ఉంది, వెనుక ముంజేయి వరుసగా ఉంది. బొటనవేలి మొదట్లో ఉన్నది అటూ ఇటూ కదిలే చిన్న కీలు, దాని పక్కనే చర్మం కిందే నరం. మెత్త కోసం వెతుకుతూ దెబ్బను ఆయన మరీ బలహీనమైన చోటికి తెచ్చుకున్నారు, నేనూ అదే దారిలో మరో అడుగు వేయించాను. రెండు వారాలు పోయాయి. ఆయనతో ఆ మాట చెప్పాను.

వండ్రుమట్టి ముద్ర

కొడవలి పిడి సరిపడక చెయ్యి నొచ్చేవాళ్ళకు నేను చేసే పద్ధతి ఒకటుంది. చించినాడ దగ్గర వశిష్ఠ గోదావరి ఒడ్డున దొరికే వండ్రుమట్టి తెప్పించి, పూరీ పిండిలా పిసికి, కర్ర చుట్టూ పెట్టి పట్టుకోమంటాను. వేళ్ళ గుర్తులు, అరచేతి కుదురు, ఖాళీ మిగిలే చోటు అన్నీ కనిపిస్తాయి. ఇంత సన్నని మట్టి కాబట్టి చర్మపు గీతలు కూడా పడతాయి. ఆరితే పగుళ్ళిస్తుంది, అందుకని అదే రోజు కొలవాలి.

ఈయనకు రివాల్వర్ పిడి లోపలి ఇనుప చట్రం కొలతతో చెక్క ముక్క, ట్రిగ్గర్ ఉండే చోట ఒక మేకు, ముందుకు గొట్టం పొడవున ఒక కర్ర పెట్టించాను. మా వీధి చివర వడ్రంగి పెద్దాయనకు బొమ్మ గీసి చూపిస్తే, "ఆయ్, మధ్యాహ్నానికి చెక్కేస్తానండి" అన్నారు, అన్నట్టే ఇచ్చారు. చట్రం చుట్టూ మట్టి పెట్టి, చూపుడువేలి కొస మెత్త మేకు మీద ఉండేలా, కర్ర ముంజేయితో ఒకే వరుసలో ఉండేలా పట్టుకోమన్నాను. మూడుసార్లు చేశాం. వేళ్ళ సంది మధ్య నుంచి మేకు వరకు మూడుసార్లూ 77 మిల్లీమీటర్ల దగ్గరే వచ్చింది.

పిడి, గ్లవ్ కలిపి ఆయన చెయ్యి భరించగల దూరం 77. వెనుక భాగం కప్పని చెక్క పిడికి 74. మిగిలేది 3 మిల్లీమీటర్లు. రబ్బరు పిడి ఒక్కటే దాన్ని ఆరు దాటించింది, మందమైన గ్లవ్ ఇంకో ఐదు కలిపింది.

మట్టిలో ఇంకో రెండు విషయాలు తేలాయి. మొదటిది, ట్రిగ్గర్ కమ్మీ వెనుక, మధ్యవేలి పైన గోలీకాయంత ఖాళీ. మొదటి చెక్క పిడితో కణుపు దెబ్బ తిన్నది పిడి సన్నగా ఉండి కాదు, ఆ ఖాళీ వల్ల. తుపాకీ పైకి లేస్తూ వెనక్కి వచ్చినప్పుడు కమ్మీ ఆ ఖాళీ దాటి వచ్చి కొడుతుంది. ఖాళీని నింపితే మధ్యవేలు ముందుగానే కిందికి సర్దుకుంటుంది, దెబ్బ పడదు. రెండోది, రబ్బరు పిడికి ముందువైపు ఉండే వేళ్ళ గాళ్ళు. అవి పెద్ద చేతికి పోసిన అచ్చు. ఈయన వేళ్ళు గాళ్ళలో కాకుండా గట్ల మీద కూర్చుంటున్నాయి. సొంత చేతికి చెక్కించుకుంటే తప్ప గాళ్ళున్న పిడి కొనవద్దని నా అభిప్రాయం. ముందువైపు నున్నగా ఉంటే వేళ్ళు వాటి చోటు అవే చూసుకుంటాయి.

బొమ్మ పిడి మీద స్టాంప్ ప్యాడ్ సిరా రాసి పట్టించి, కర్ర కొసను కింది నుంచి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాను. 83 కొలతకు మట్టి పెంచినప్పుడు సిరా బొటనవేలు మొదట్లో అంటింది, ఆయన కూడా "ఇదేనండి, ఇక్కడే" అన్నారు. 74లో సిరా సంది మధ్యలో పడింది.

చివరికి ఎంచుకున్న పిడి: వెనుక భాగం తెరిచి ఉన్న చెక్క పిడి, కమ్మీ వెనుక ఖాళీ నిండినది, ముందు గాళ్ళు లేనిది, అరచేతి కుదురుకు తగ్గట్టు పక్కల కొద్దిగా ఉబ్బు. మా వడ్రంగి చెక్కిన బొమ్మ ఫోటోలు, కొలతలు అక్కడి ఒక చెక్కపనివాడికి పంపారు. చెక్కకు లోతైన గళ్ళ గరుకు వద్దన్నాం. ఇంత బలమైన తన్నుకు అది చర్మాన్ని ఆకురాయిలా గీస్తుంది. అలాగని పాలిష్ చేసిన గాజులాంటి నునుపూ వద్దు, చెమట పట్టిన చేతిలో ప్రతి తూటాకీ పిడి జరుగుతుంది. రబ్బరు జారదు, అది దాని మంచి గుణం, పెద్ద చెయ్యి ఉన్నవాళ్ళకు వెనుక కప్పే రబ్బరు పిడే సరైనది కావచ్చు. 77 అన్నది ఈయన అంకె.

గ్లవ్

వెనుక భాగం తెరిచిన పిడికి ఒక ఇబ్బంది ఉంది. సన్నటి ఇనుప అంచు నేరుగా వేళ్ళ సందిలో దిగుతుంది. గ్లవ్ అవసరం అక్కడే, అక్కడ మాత్రమే. బిందె మోసేవాళ్ళు తలమీద చుట్టకుదురు పెట్టుకుంటారు గానీ ఒళ్ళంతా గుడ్డ చుట్టుకోరు.

ఆయన తెచ్చినవీ, నేను భీమవరంలో కొన్నవీ కలిపి ఐదు రకాలు బొమ్మ పిడితో చూశాం. సైకిల్ గ్లవ్‌లో మెత్త చిటికెనవేలి వైపు అరచేతి మడమలో ఉంటుంది, అక్కడి నరాన్ని కాపాడటానికి. తుపాకీ తన్ను ఆ వైపు రాదు. జిమ్ గ్లవ్ మెత్త వేళ్ళ మొదళ్ళలో ఉంటుంది, పిడిని లావు చేస్తుంది తప్ప దెబ్బను ఆపదు. గడ్డి కోసే మిషన్ వాళ్ళకు నేనే చెప్పే వైబ్రేషన్ గ్లవ్స్, ఐఎస్ఓ 10819 ప్రమాణం ఉన్నవి, ఆగకుండా వచ్చే అదురు కోసం చేసినవి. ఒక్కసారిగా పడే దెబ్బకు ఆ పరీక్ష ఏమీ చెప్పదు, పైగా మందం. వికెట్ కీపర్లు లోపల వేసుకునే పలుచటి గ్లవ్ నాకు నచ్చింది, కానీ వేళ్ళన్నీ కప్పుతుంది.

చూపుడువేలు కప్పితే రెండు చిక్కులు. ట్రిగ్గర్ స్పర్శ తెలియదు, అంతకంటే ముఖ్యం, మందమైన వేలు కమ్మీలోకి పోతూ తెలియకుండానే ట్రిగ్గర్‌ను నొక్కే ప్రమాదం ఉంది. గ్లవ్ ఏదైనా చూపుడువేలు మొదటి కణుపు వరకైనా బయటే ఉండాలి. ఇది సౌకర్యం కోసం చెప్పేది కాదు.

చివరికి పలుచటి మేకతోలు సగం వేళ్ళ గ్లవ్ తీసుకుని, వేళ్ళ సందిలో మాత్రం అర్ధచంద్రాకారంలో జెల్ ముక్క పెట్టి కుట్టించాం. నొక్కినప్పుడు తోలు, జెల్ కలిపి 3 మిల్లీమీటర్లు. మందం గ్లవ్ వేసుకున్నప్పుడు 22 కిలోలకు పడిపోయిన పిడికిలి బలం, దీనితో 26 దగ్గర నిలిచింది. మందం పెరిగితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే తుపాకీ చేతిలో ఎక్కువ తిరుగుతుంది. గ్లవ్ కొన్నాక ఆయనకు నొప్పి పెరగడంలో దీని పాత్ర కూడా ఉందని నా నమ్మకం.

పట్టుకునే తీరు

దీని గురించి తక్కువే చెప్పగలను, అది రేంజి శిక్షకుడి పని. ఒక్క జాగ్రత్త మాత్రం: నొప్పి తప్పించుకోవడానికి బొటనవేలిని ముందుకు చాచి పెట్టడం ఆయన మొదలుపెట్టారు. పిస్టల్‌కు అది చెల్లుతుందేమో గానీ రివాల్వర్‌కు చెల్లదు. తూటాల చక్రానికీ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి గాలి పక్కలకు కొడుతుంది, తోలు గ్లవ్ దాన్ని ఆపలేదు. రెండు బొటనవేళ్ళూ వెనక్కే ముడుచుకుని ఉండాలి.

చికిత్స, తూటా మార్పు

ఎనిమిది వారాలు కాల్చడం బంద్. మూడు వారాలు బొటనవేలి మొదటి కీలుకు చిన్న స్ప్లింట్ (కీలు కదలకుండా పట్టి ఉంచేది), రాత్రుళ్ళు తీసేసి. తర్వాత చూపుడువేలిని బొటనవేలి వైపు లాగే కండరానికి రబ్బరు బ్యాండుతో వ్యాయామం, రోజుకు రెండుసార్లు. బొటనవేలి ఎముకను దాని గూటిలో నిలిపేది ఆ కండరమే. వేళ్ళ సందిలో చేత్తో తడిమితే అది గట్టిపడటం ఆయనకే తెలిసింది, అప్పటినుంచి వ్యాయామం మానలేదు.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు పాయింట్ 44 స్పెషల్ తూటాతో మొదలుపెట్టమన్నాను. ఇది 1907 నాటిది. మాగ్నమ్‌ను 1955లో దీన్ని ఆధారం చేసుకునే, తూటా తొడుగును సుమారు 3 మిల్లీమీటర్లు పొడిగించి చేశారు. అందుకే మాగ్నమ్ రివాల్వర్‌లో స్పెషల్ తూటా వేసుకోవచ్చు. స్పెషల్ కోసం చేసిన రివాల్వర్‌లో మాగ్నమ్ మాత్రం వేయకూడదు. అదే 1.2 కిలోల రివాల్వర్‌లో స్పెషల్ తన్ను సుమారు 6 జౌల్స్. పిడితో, గ్లవ్‌తో మేం పడ్డ తంటా అంతా ఒకవైపు, ఈ 20 నుంచి 6 ఒకవైపు. ఆయన మొదట ఒప్పుకోలేదు. "మాగ్నమ్ కొనుక్కుని స్పెషల్ కాలిస్తే ఏం బాగుంటుందండి?" అన్నారు. బలవంతం చేయలేదు. జౌల్స్ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. రెండో రోజు ఫోన్ చేసి సరేనన్నారు.

మొదట పూటకు 12 తూటాలు, రెండు వారాలకు 30. తిమ్మిరి ఆ రాత్రి దాటి మర్నాటికి మిగిలితే వెనక్కి ఒక మెట్టు. స్పెషల్ కాల్చాక చక్రం గదుల్లో మసి వలయం మిగులుతుంది కాబట్టి మాగ్నమ్ వేసే ముందు శుభ్రం చేయాలని శిక్షకుడు చెప్పారట, అది కూడా ఇక్కడ చేరుస్తున్నాను. మాగ్నమ్ కావాలంటే పదిహేను రోజులకు ఒక చక్రం, ఆరు తూటాలు.

నాలుగు నెలల తర్వాత

అక్కడి ఫిజియోథెరపిస్టు కొలిచి పంపిన అంకెలు: పిడికిలి 33 కిలోలు, నొక్కే బలం 6.2. తిమ్మిరి పూర్తిగా పోయింది. కీలు నొప్పి పోలేదు. పచ్చడి జాడీ మూత గట్టిగా ఉంటే ఇప్పటికీ తెలుస్తుందట. కీలు సందు తగ్గింది కాబట్టి అది మిగలవచ్చని ముందే చెప్పాను. మధ్యలో ఒకసారి స్నేహితుడి తేలికపాటి మాగ్నమ్ తీసుకుని రెండు తూటాలు కాల్చి, వారం రోజులు స్ప్లింట్ వేసుకున్నారు. దాచకుండా చెప్పారు.

ఒక్క రోగితో, ఒక్క తుపాకీతో చేసిన పని ఇది. పిడి, గ్లవ్, తూటా, వ్యాయామం దాదాపు ఒకేసారి మారాయి కాబట్టి దేనివల్ల ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పలేను. దెబ్బ పడే చోటు మారిందని మాత్రం గట్టిగా చెప్పగలను. పోయిన నెల ఆయన కొత్త గ్లవ్ ఫోటో పంపారు. బొటనవేలి మొదలు దగ్గర తోలు కొత్తగానే ఉంది. వేళ్ళ సందిలో, జెల్ కుట్టిన అర్ధచంద్రం మధ్యలో, తోలు అరిగి నల్లగా మెరుస్తోంది.